పరభాషాబోధచే బ్రదుకు నేర్పిన కొమీనియసు పండితుడు

బాలబాలికల విద్యను గూర్చి యేదో యొక తీర్మానము చేయని సంఘ మహాసభ మన దేశమున నరుదు. వసతిగృహములకును, విద్యార్థివేతనములకును, బహుమానములకును మన పెద్దలు పడిన పాట్లు కొనియాడదగినవే. ఆ పాట్లలో నొక పెద్దపాలు మన పిల్లలకు ఇంగ్లీషు వచ్చుటకై పడినవని యందఱెఱిగినదే. అయితే ఆ భాష వచ్చిన పిమ్మట వారు దానితో నేమి చెప్పుదురు, ఏమి చేయుదురు, దాని వలన వారి బ్రదుకు బాగుపడునా యని విచారించుట తక్కువ. ఐరోపాఖండమున నీ ప్రశ్ననే తన జీవితమంతయు వేసికొని, దానికి సమాధానముగా పాఠపుస్తకములను వ్రాసిన యొక మహాశయుని చరిత్రమును ఈ సంచికలో సోదరసోదరీమణులకు విన్నవింప దలచితిమి. ఆయన పేరు యాన్ ఆమోస్ కొమెన్‌స్కీ. లాటిను గ్రంథములలోని కొమీనియసు అను నామముతోనే లోకమునకు పరిచితుడు.

కొమీనియసు 1592వ సంవత్సరము మార్చి 28వ తేదీన మొరేవియా దేశపు ఆగ్నేయభాగమున జన్మించెను. ఆ సీమ నేడు చెక్ గణతంత్రమున చేరియున్నది. తలిదండ్రులు సోదరసమాజమను చిన్న క్రైస్తవశాఖకు చెందినవారు. ఆయనకు పండ్రెండేండ్లు వచ్చునప్పటికి తండ్రి పోయెను; తల్లి పోయెను; ఇద్దఱు సోదరీమణులును పోయిరి. బంధువుల పంచకు చేరిన మఱుసటి యేడే, అనగా 1605లో, ఆ బంధువులున్న స్ట్రాజ్నిట్సె పట్టణమును శత్రుసైనికులు దోచి కాల్చిరి. ఆ బాలుని చదువును పట్టించుకొనువారు లేకపోయిరి. తోడివారు పదియేండ్ల లోపుననే లాటిను బడికి పోవుచుండగా, ఆయన ప్షెరోవ్ పట్టణమందలి బడిలో 1608లో, పదునాఱేండ్ల వయస్సున ప్రవేశించెను.

ఇది యాతనికి గొప్ప నష్టము. లోకమునకు మాత్రము లాభము. పసివానికి దెబ్బయే తెలియును గాని యా దెబ్బ యెందుకు పడినదో తెలియదు. పదునాఱేండ్లవాడు గురువును, పుస్తకమును, బెత్తమును ఒక్కసారిగా చూచి, ఇందులో తప్పెక్కడనున్నదని తనలో తాను ప్రశ్నించుకొనగలడు. ఆ కాలమున లాటిను ఎవరి యింటను పుట్టుభాష కాదు. అయినను విశ్వవిద్యాలయమునకును, వైద్యమునకును, న్యాయసభకును, రాయబారమునకును అదియే ద్వారము. మన దేశమున సంస్కృతమునకు గల గౌరవమును, ఇంగ్లీషునకు గల ప్రయోజనమును ఒక్కచోట పోగుచేసినచో నెట్లుండునో, ఆనాటి లాటిను స్థితి యట్టిది. ఆ భాషకు వ్యాకరణమును ఆ భాషలోనే వ్రాసి, భాష రాని పిల్లలచేత వల్లె వేయించెడివారు. తెలియనిదానిని మఱియొక తెలియనిదానితో బోధించుట యన్నమాట. ఏండ్ల తరబడి సూత్రములు చదివిన పిల్లవానికి తన చేతిలోని రొట్టెను లాటినులో నేమందురో తెలియకపోవుట వింతగాదు. బడులు పిల్లల మనస్సులకు వధ్యశాలలైనవని యాయన తరువాత వ్రాసిన మాటలలో నీ బడి జ్ఞాపకమే నిండియున్నదని మేము తలంతుము.

పిదప కొమీనియసు జర్మనీలోని హెర్బార్ను, హైడెల్‌బర్గు విద్యాలయములలో చదివి, 1614లో స్వదేశమునకు బయలుదేరెను. చేత డబ్బు లేనందున హైడెల్‌బర్గునుండి కాలినడకనే వచ్చెను. తాను చదివిన ప్షెరోవ్ బడిలోనే యుపాధ్యాయుడయ్యెను. పిల్లలకు సులభముగా నుండునట్లు చిన్న లాటిను వ్యాకరణమును కూర్చెను. 1616లో మతాచార్యుడయ్యెను. 1618లో ఫుల్నెక్ పట్టణమున సమాజమునకు గురువై, అచ్చటి బడిని నడపుచు, వివాహమాడి, కాపురము పెట్టెను. ఇంతకు మించిన నెమ్మది యాయనకు జీవితమున మఱల లభింపలేదు.

ఆ యేడే ముప్పది యేండ్ల యుద్ధము మొదలయ్యెను. 1620 నవంబరు 8వ తేదీన ప్రాగు నగరమునకు సమీపమందలి తెల్లకొండ యొద్ద బొహీమియావారు ఓడిపోయిరి. గెలిచిన చక్రవర్తి పక్షమువారు కథోలికేతర శాఖలను అణచివేయ మొదలిడిరి. 1621లో కొమీనియసు ఫుల్నెక్ విడిచి దాగవలసి వచ్చెను. 1622లో భార్యయు, ఇద్దఱు పసిబిడ్డలును మహామారికి బలియైరి. ఆ మఱుసటి యేట నాయన పుస్తకములను ఫుల్నెక్ నడివీథిలో తగులబెట్టిరి. కొన్నియేండ్లు ఒక ప్రభువు ఎస్టేటులో తలదాచుకొని, 1628లో దేశమును విడిచి పోలండులోని లెష్నో పట్టణమును చేరెను. మఱల మాతృదేశమున కాపురముండుట యాయనకు ప్రాప్తింపలేదు.

లెష్నోలో నాయన సోదరసమాజమువారి బడిలో పిల్లలకు లాటిను చెప్పుచుండెను. యుద్ధము నేడో రేపో ముగియును, దేశమునకు పోవుదుము, పోయిన వెంటనే యూరూర బడులు పెట్టవలెను, వానిలో నేమి చెప్పవలెను, ఎట్లు చెప్పవలెను — ఇదియే యాయన రాత్రింబవళ్ల చింత. ఆ చింతతోనే బృహద్బోధనశాస్త్రమను గ్రంథమును మొదట తన చెక్ భాషలో వ్రాసెను. ధనికులని దరిద్రులని, కులీనులని సామాన్యులని, మగవారని ఆడువారని భేదము లేక అందఱు పిల్లలును చదువవలెనని యందు వాదించెను. మొదటి యాఱేండ్లు తల్లియొడియే బడి. ఆఱు మొదలు పండ్రెండేండ్లవఱకు మాతృభాషాపాఠశాల. ఆ పిమ్మటనే లాటిను. మాతృభాషకు ఎనిమిది పదియేండ్లు, ఇరుగుపొరుగు దేశముల భాష కొక్కయేడు, లాటినుకు రెండేండ్లు, గ్రీకునకు ఒకయేడు, హెబ్రూకు ఆఱునెలలు చాలునని లెక్క కట్టెను. ఈ లెక్క యనుభవమునకు సరిపడునా యనునది వేఱుమాట. మాకు ముఖ్యముగా దోచినది దీని వెనుకనున్న యూహ. భాషలు తమంత తాము జ్ఞానము కావు. జ్ఞానమును సంపాదించుటకును, ఒకరికొకరు పంచుకొనుటకును అవి సాధనములు. కావున ఎవరికెంత యవసరమో వారు అంతమాత్రమే నేర్చిన చాలును. లాటినున కాచార్యుడనదగిన సిసిరో సహితము చెప్పులు కుట్టువారి నడుమ మెలగినవాడు కాడు గనుక వారి పనిముట్ల పేర్లెఱుగడని యాయన చూపెను.

ఆ గ్రంథముననే పిల్లల దేహమును గూర్చియు శ్రద్ధ వహించెను. దినమునందలి ఇరువదినాలుగు గంటలలో ఎనిమిది నిద్రకు, ఎనిమిది పనికి, మిగిలిన యెనిమిది భోజనమునకును, ఆరోగ్యమునకును, ఆటపాటలకును, స్నేహితులతోడి ముచ్చటలకును విడువవలెనని చెప్పెను. మాతృభాషాపాఠశాలలో దినమునకు నాలుగు గంటలకంటె నెక్కువ పాఠము కూడదు. ఉదయము రెండు, మధ్యాహ్నము రెండు. నేడు తెల్లవాఱకమున్నే ట్యూషనుకు పోయి రాత్రి ప్రొద్దుపోయి యిలు చేరు మన పిల్లలను చూచినచో నాయన యేమనెడివాడో!

ఆ కాలముననే 1631లో ప్రచురించిన లాటిను పాఠపుస్తకము వలన కొమీనియసు పేరు ఖండమంతట మాఱుమ్రోగెను. దాని నామమునకు తెఱువబడిన భాషాద్వారమని యర్థము. అంతకు ముందే 1611లో స్పెయినులోని సలమాంకాలో ఐర్లండు దేశపు జెస్యూటు పాదిరులు ఈ పేరుతోనే యొక పుస్తకమును ముద్రించియుండిరి. అందులో వాక్యములు విడివిడిగా నుండెను; ఒకదానికొకటి పొత్తు లేదు. కొమీనియసు ఊహను వారియొద్ద గ్రహించెను గాని పద్ధతిని మార్చెను. ఇంచుమించు ఎనిమిదివేల మాటలను వేయి వాక్యములలో నిమిడ్చి, ఆ వాక్యములను నూఱు ప్రకరణములుగా విభజించెను. ప్రకరణముల వరుస వ్యాకరణపు వరుస కాదు, లోకపు వరుస. సృష్టి, పంచభూతములవంటి మూలపదార్థములు, చెట్లు, జంతువులు, మానవదేహము, రోగములు, వృత్తులు, ఇల్లు, వివాహము, నగరము, రాజ్యము, శాస్త్రములు, సద్గుణములు, ఆటలు, మరణము — ఇట్లు సాగును. వాక్యములు మొదట చిన్నవి; పోను పోను పెద్దవి. ప్రక్కనే మాతృభాష.

అమరకోశము చదివిన మనవారికి ఈ యేర్పాటు క్రొత్తగా దోచదు. స్వర్గవర్గము, భూమివర్గము, వనౌషధివర్గము అని అమరసింహుడును లోకమునే వరుస పెట్టెను. అయితే ఒక భేదము గలదు. అమరమున కుమ్మరి, సాలె, కంసాలి మొదలగువారి పనులును పనిముట్లును శూద్రవర్గమున చేరినవి. ఆ వర్గము ద్వితీయకాండమునకు తుదిని గలదు. కొమీనియసు పుస్తకమున ప్రభువు కొడుకును, రైతు కొడుకును ఒకే బల్లమీద కూర్చుండి, నేతగాని మగ్గపు పేరును, వడ్రంగి రంపపు పేరును పండితుని గ్రంథమునకు గల శ్రద్ధతోనే నేర్వవలెను. తన రొట్టె యెవరి చేత పండినది, తన చొక్కా యెవరి చేత నేయబడినది యని యెఱుగక లాటిను మాటలాడువాడు చిలుకవంటివాడేయని యాయన భావము.

ఆ పుస్తకము పండ్రెండు ఐరోపా భాషలలోనికి మాఱెను. గ్రంథకర్త యూహింపనంత ప్రఖ్యాతి వచ్చెను. దోషము లేని పుస్తకమని మేమనము. ఒకసారి వచ్చిన మాట తఱుచుగా మఱల రాదు; వేయి వాక్యములలో ఎనిమిదివేల మాటలనగా పిల్లవాని నోటికి పెద్దముద్దయే. ఆయనయే యది గ్రహించి, 1633లో సుమారు వేయి మాటలతో, ఆ ద్వారమునకు ముందుండు వసారావంటి మఱియొక చిన్న పుస్తకమును వ్రాసెను.

ఆ కీర్తి వలన దేశదేశములనుండి పిలుపులు వచ్చెను. 1641లో లండనుకు పోయెను. అచ్చటి మిత్రులు సర్వజ్ఞానమును ఒక్కచోట కూర్చు మహావిద్యాలయమును స్థాపింపవలెనని యాశించిరి. రాజునకును పార్లమెంటునకును కలహము ముదిరినందున నది సాగలేదు. 1642లో హాలండు మీదుగా పోవుచు తత్త్వవేత్తయగు దేకార్తుతో నాలుగు గంటలు సంభాషించెను. స్వీడను ప్రభుత్వమువారును, లూయీ ద గేర్ అను గొప్ప వర్తకుడును ఆయనను పోషించి, స్వీడను బడులకు లాటిను పుస్తకములు వ్రాయుమనిరి. ఎల్బింగు పట్టణమున ఆఱేండ్లు కూర్చుండి యాయన యా పని చేసెను. సర్వజ్ఞానగ్రంథమును వదలి పసిపిల్లల పుస్తకములతో కాలము వ్యర్థపుచ్చుచున్నాడని ఇంగ్లండు మిత్రులు నిష్ఠురమాడిరి. ఆయనకును ఆ పని విసుగే. అయినను ఆ విసుగులో చేసిన పనియే నిలిచినది.

స్వీడనువారిని సేవించుటలో నాయనకు మఱియొక యాశ యుండెను. సంధి జరుగునప్పుడు వారు తన దేశమువారిని మఱువరని నమ్మెను. 1648లో వెస్టుఫాలియా సంధి జరిగెను. బొహీమియా, మొరేవియా ప్రవాసులు తిరిగి పోవుటకు నందులో మార్గము లేకపోయెను. ఆ యేడే రెండవ భార్యయు మరణించెను. అప్పుడే సోదరసమాజమువారు ఆయనను లెష్నోకు పిలిచి తమకు బిషప్పుగా చేసికొనిరి. చెదరిపోయిన సమాజమునకు పెద్దయగుట యెంతటి బరువో, సంఘముల పని చేసినవారికి మేము చెప్పనక్కఱలేదు.

1650లో హంగరీ దేశమందలి షారోష్‌పటక్ అను పట్టణమునుండి పిలుపు వచ్చెను. ట్రాన్సిల్వేనియా ప్రభువగు మొదటి జార్జి రాకోట్సీ భార్యయైన జుజన్నా లోరాంట్‌ఫీ వితంతువై యచ్చటి విద్యాలయమును పోషించుచుండెను. ఏడు తరగతుల నూతన పాఠశాలను కొమీనియసు తలపెట్టెను. మూడు తరగతులే తెఱువబడెను. పిల్లలలో మాంద్యము, గురువులలో నుపేక్ష, పెద్దలలో పట్టుదలలేమి చూచి నొచ్చుకొని, బడులనుండి సోమరితనమును తఱిమివేయుటను గూర్చి 1652లో నొక యుపన్యాసమే వ్రాసెను. తోడ్పాటు చేయుచుండిన చిన్నదొర సిగిస్మండు ఆ యేడే చనిపోయెను. ఇట్లు నాలుగేండ్లు అడుగడుగున నడ్డంకులతోనే గడిచెను. అయినను మా దృష్టిలో నాయన జీవితమునందు ఫలవంతమైన కాలమిదియే.

1653లో పిల్లల నడవడికను గూర్చి యొక చిన్న లాటిను పుస్తకము కూర్చెను. నడచుట, కూర్చుండుట, భుజించుట, మాటలాడుట, పెద్దల యెదుట మెలగుట — ఇట్టివి యందలి విషయములు. అనగా పిల్లవాడు మర్యాద నేర్చుచు లాటిను నేర్చును. లాటిను నేర్చుచు మర్యాద నేర్చును. రెంటికిని వేఱువేఱు గంటలు లేవు.

తరువాతి యేడు భాషాద్వారమును నాటకములుగా మార్చెను. దానికి ఆటబడి యని పేరు. మొత్తమెనిమిది నాటకములు. పిల్లలే వేషములు వేసి వేదికమీద నిలిచి, లోకమందలి వస్తువులను, వృత్తులను, బడి నడచు తీరును, కుటుంబధర్మమును, నగరపాలనమును లాటిను మాటలతో నాడి చూపవలెను. బడిలో నాటకములేమని మొదట ముక్కు విఱిచినవారు గలరు. కొమీనియసు తొణకలేదు. నలుగురిలో నిలిచి జంకు లేక మాటలాడుట, ఇతరులు చెప్పునది విని తగినట్లు బదులిచ్చుట, చేతులు ముఖము మాటకు తగినట్లు కదల్చుట, మఱచినపుడు కంగారుపడక సర్దుకొనుట — ఇవి పుస్తకము ముందు కూర్చుండి నేర్చునవి కావని యాయన మతము. రేపు సభలోనో, న్యాయస్థానముననో, గుడిలోనో నిలువవలసిన పిల్లవాడు నేడు బడిలోనే యది యాడి నేర్వవలెను. మన యూళ్లలో వీథిభాగవతము లాడిన కుఱ్ఱవానికి సభాకంపము లేకుండుట చూచినవారికి ఇందలి నిజము తెలియును.

షారోష్‌పటక్‌లోనే సిద్ధమైన మఱియొక పుస్తకము కొమీనియసును పిల్లల కెల్ల నాప్తునిగా చేసెను. ఇంద్రియములకు గోచరమగు ప్రపంచపు చిత్రమని దాని పేరు. హంగరీలో బొమ్మలు చెక్కు తగిన పనివాడు దొరకనందున ముద్రణము ఆలస్యమై, 1658లో జర్మనీలోని న్యూరెంబర్గు నగరమున మైకేల్ ఎండ్టరు ముద్రాశాలనుండి వెలువడెను. నూటయేబది పాఠములు. ప్రతి పాఠమునకును చెక్కబొమ్మ గలదు. బొమ్మలోని వస్తువులకు అంకెలుండును. ఆ యంకెలే క్రింది లాటిను మాటలకును, ప్రక్కనున్న జర్మను మాటలకును ఉండును. పిల్లవాడు వ్రేలు బొమ్మమీద పెట్టి, కన్నులతో మాటను వెదకికొనును. గురువు చెప్పువఱకు నోరు తెఱచుకొని కూర్చుండనక్కఱలేదు.

గ్రంథారంభమున గురువును బాలుడును కనిపింతురు. విద్య యనగా నవసరమైనవానిని సరిగా తెలిసికొనుట, సరిగా చేయుట, సరిగా పలుకుట యని గురువు వానికి బోధపఱచును. ఈ మూటిలో పలుకుట చివర నున్నదని పాఠకులు గమనింతురు గాక. భాష నేర్పుటకై వ్రాసిన పుస్తకమున భాషకు కడపటి పీట వేయుటలోనే కొమీనియసు హృదయమంతయు నున్నది. వెంటనే యక్షరమాల వచ్చును. అదియును అరుపుల మాల. కాకి కూత, గొఱ్ఱెపిల్ల యరుపు, పసిబిడ్డ యేడుపు, గాలి హోరు, బాతు కూత, తోడేలి యూళ, ఎలుగుగొడ్డు గుఱ్ఱుమనుట — వీనినుండి యొక్కొక్క ధ్వనిని, ఆ ధ్వనినుండి యక్షరమును పిల్లవాడు పట్టుకొనును.

ఆ పిమ్మట లోకము. నిప్పు, గాలి, నీరు, మేఘము, భూమి, లోహములు, చెట్లు, పక్షులు, మృగములు. పిదప మానవుడు, వాని యేడు దశలు, బయటి యవయవములు, లోపలి మాంసము, ప్రేగులు, ఎముకలు, పంచేంద్రియములు. తన దేహమున నేది యెక్కడనున్నదో పిల్లవాని కది మొదటి పాఠము. తరువాత దున్నుట, పశువులను మేపుట, తేనె తీయుట, పిండి విసరుట, రొట్టె కాల్చుట, వంట, నార తీసి నేయుట, బట్ట కుట్టుట, ఇల్లు కట్టుట, కమ్మరపని, స్నానము, క్షౌరము, గడియారము, బాటసారి, బండి, ఈత, ఓడ, ఓడ మునుగుట, కాగితము, అచ్చు. ఇంకను వైద్యునితోడి వ్యవహారము గలదు. మందుల ముచ్చటతోపాటు పథ్యమునకు నందులో ప్రాధాన్యమిచ్చెను. తూనికలు కొలతలు, బేరము, విచారణ, అంత్యక్రియలు సహితము గలవు. నేరస్థులను హింసించుటను గూర్చిన పాఠమును బొమ్మయును గలవు. అది యా కాలపు క్రౌర్యమునకు గుర్తు. పిల్లల పుస్తకమున దానికి చోటిచ్చుట మేము మెచ్చము.

వీని నడుమ, పనిముట్లకును శాస్త్రములకును సరిజోడుగా, వివేకము, శ్రద్ధ, మితము, ధైర్యము, ఓర్పు, మానవత్వము, న్యాయము, ఔదార్యము అను గుణములకు ఒక్కొక్క పాఠము, ఒక్కొక్క బొమ్మ గలదు. వీనిని నీతిశతకమువలె విడదీసి వేఱు పుస్తకమున పెట్టలేదు. రంపమునకు లాటిను పేరు నేర్చు పిల్లవాడే యోర్పునకును పేరు నేర్చును. ఓడ మునుగుటను గూర్చియు, ఓర్పును గూర్చియు పాఠములు వ్రాసినవాడు ఇద్దఱు భార్యలను, ఇద్దఱు బిడ్డలను, ఇంటిని, దేశమును పోగొట్టుకొనినవాడని తలచినపుడు, ఆ చిన్న పాఠములు మాకు మఱియొక విధముగా కనిపించును.

మంచు కురియు నూళ్లను గూర్చి ఇంగ్లీషు పద్యములు వల్లించి, జ్వరము వచ్చినపుడు తన బాధను వైద్యునకు ఇంగ్లీషున గాని తెలుగున గాని వరుసగా చెప్పలేని విద్యార్థులను మన మెఱుగుదుము. బ్యాంకులో కాగితము నింపలేక పట్టపరీక్ష తేఱినవారిని ఎఱుగుదుము. కొమీనియసు కన్నులతో చూచినచో వారికి భాష వచ్చినదని చెప్పుటకు వీలులేదు.

ఆ పుస్తకమును మఱుసటి యేడే, 1659లో, చార్లెసు హూలు అను లండను ఉపాధ్యాయుడు ఇంగ్లీషులోనికి తెచ్చెను. తరువాత శతాబ్దమున జర్మను మహాకవి గయిటీ తన బాల్యమందు పిల్లల చేతికందిన పుస్తకములను పేర్కొనుచు దీనిని స్మరించెను.

అయితే పుస్తకము వెలువడుటకు రెండేండ్లు ముందే కొమీనియసుపై మఱియొక పిడుగు పడెను. 1654లో నాయన లెష్నోకు మరలివచ్చియుండెను. స్వీడను రాజు పోలండుపై దండెత్తగా, లెష్నోవారు ఆ సేనల నాదరించిరి. కొమీనియసు ఆ రాజును పొగడుచు నొక రచన చేసెను. తన్ను ఇరువదియేండ్లకు పైగా కాపాడిన దేశముపై దండెత్తినవానిని పొగడుట వివేకము కాదని చెప్పక తప్పదు. వివేకమునకు బొమ్మ వేయించిన గురువునకే యిట్టి పొరపాటు వచ్చినది. 1656 ఏప్రిలులో పోలండు సేనలు లెష్నోను కాల్చివేసిరి. ఇంటితోపాటు వ్రాతప్రతులెన్నో బూడిదయ్యెను. నలువదియేండ్లకు పైగా కూర్చిన చెక్‌లాటిను మహానిఘంటువు అందులో కాలిపోయెను. తన మాతృభాషకై చేసిన యా పని పోవుటను ఊపిరియున్నంతవఱకు మఱువలేనని యాయన దుఃఖించెను. కొందఱు చెప్పిన జోస్యములను నమ్మి 1657లో ముద్రించి యపకీర్తి తెచ్చికొనుటయు నీ దుఃఖకాలముననే. దేశమునకు మరలు మార్గము మనుష్యులవలన దొరకనప్పుడు ఆయన జోస్యములయందు వెదకెను.

ఏబదినాలుగేండ్ల ప్రాయమును దాటి పది యేండ్లైన యా ముదుసలిని ద గేరుగారి కుమారుడు ఆమ్‌స్టర్‌డాం నగరమునకు పిలిపించి యాదరించెను. ఆ నగరపాలకుల సాయముతో 1657లో నాయన బోధనగ్రంథములన్నియు నొక్క సంపుటముగా అచ్చుపడెను. చెక్ భాషలో మొదలైన బృహద్బోధనశాస్త్రము లాటినులో పండితలోకమునకు తెలిసినది అప్పుడే. 1670 నవంబరు 15వ తేదీన, డెబ్బదియెనిమిదేండ్ల వయస్సున కొమీనియసు మరణించెను. నార్డెన్ పట్టణమందలి వాలూనుల దేవాలయమున సమాధి చేసిరి.

మాతృదేశము తుదకు ఆయనను తలచుకొనెను. చెక్, స్లొవాక్ దేశములలో నాయన జన్మదినమే ఉపాధ్యాయదినము. చెక్‌వారి రెండువందల క్రౌనుల నోటుమీద నాయన ముఖము గలదు. ఆయన తుదినాళ్లవఱకు దిద్దుచుండిన మహాగ్రంథమొకటి యెవరికిని తెలియక జర్మనీలోని హాలె పట్టణపు అనాథాశ్రమ గ్రంథాలయమున పడియుండగా, దిమిత్రి చిజెవ్‌స్కీ అను పండితుడు 1930వ దశకమున కనుగొనెను. 1966లో ప్రాగు నగరమున నది సంపూర్ణముగా అచ్చయ్యెను. అందలి యొక భాగము సర్వజనవిద్యను గూర్చినది. పుట్టుక యొక బడి, శైశవమొక బడి, బాల్యమొక బడి యని మొదలిడి, వార్ధక్యమునకును, మరణమునకును సహితము బడులేర్పఱచి, ఒక్కొక్క బడిలో మనుష్యుడేమి నేర్వవలెనో యందులో వ్రాసియుంచెను.